రోజుకు తొంభై ఆరు కొలతలు

ఏమండీ,

మీ ఇంటావిడ నమస్కారాలు పెట్టి రాస్తున్న ఉత్తరం ఇది. ఇక్కడ నేనూ, మీ అమ్మగారూ బాగానే ఉన్నాం. పొద్దున్నే ఒకరితో ఒకరం పోట్లాడుకునేంత ఓపిక ఉందంటే ఎంత బాగున్నామో మీరే లెక్కేసుకోండి. మీరూ ఆ కొండమీద చలికి ఒళ్ళు కాపాడుకుంటూ, వేళకింత తింటూ, కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను.

మీ దగ్గరికొచ్చే జీపు సోమవారం బయల్దేరుతుంది కాబట్టి ఈ శనివారం పొద్దున్నే కూర్చున్నాను. ఫోన్లో చెబుదామంటే అక్కడ మీకు నా మాట మూడు ముక్కల్లో ఒకటే వినిపిస్తుంది. ఇది ముక్కల్లో వినాల్సిన సంగతి కాదు. అయినా ఇప్పుడే చెప్పను. ముందే చెప్పేస్తే మీరు మిగతాది చదవకుండా లేచి గంతులేస్తారు, మీ మోకాళ్ళు అందుకు ఒప్పుకోవు. ముందు మీరడిగిన వాటికి జవాబులు రాస్తాను.

అత్తయ్యకు కళ్ళలో మందు చుక్కలు రెండు పూటలా వేస్తున్నాను. వేసేటప్పుడు తిడుతుంది, వేశాక దీవిస్తుంది. స్నానాలగది కుళాయి కారడం ఆగింది. ప్లంబరు వస్తానన్నవాడు రాలేదు, నేనే వాషర్ మార్చాను. తడిసి ముద్దయ్యాను గానీ పని అయింది.

మూడోది, మీరు కింద రెండు గీతలు గీసి మరీ అడిగిన ప్రశ్న. 'ప్రాపర్టీలు చదువుతున్నాను, కొన్ని మారుస్తున్నాను అని రాశావు. మనకు ఆస్తులెక్కడివి? ఎవరి పేర మారుస్తున్నావు?' అన్నారు. అది అత్తయ్యకు చదివి వినిపిస్తే కడుపు పట్టుకుని నవ్వింది. మర్నాడు కాఫీ గ్లాసు అందుకుంటూ, "ఇంతకీ ఎవరి పేర మారుస్తున్నావే?" అని మెల్లగా అడిగింది.

విషయం ఇదీ. మా ఆఫీసు కొత్త భవనంలోకి మారుతోంది. మారేలోపు, యంత్రంలోంచి బయటికి తీసి చేత్తో పట్టుకోగలిగే నిల్వలన్నిటికీ జాబితా కావాలన్నారు. టేపులు, డిస్కులు, మెమరీ కార్డులు, పెన్ డ్రైవులు, అన్నీ కలిపి వెయ్యి దాటాయి. ఎవరికివాళ్ళు తల పక్కకు తిప్పుకున్నారు. పోయినేడు సిబ్బందికి పెట్టిన ప్రోగ్రామింగ్ క్లాసుకు యాభై రెండేళ్ళ వయసులో వెళ్ళి ముందు బెంచీలో కూర్చున్నదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి పని నా నెత్తిన పడింది. నాకు లోపల్లోపల సంతోషమే.

ఒక్కోదాన్నీ యంత్రంలో పెట్టి, నీ పేరేమిటి, నీలో చోటెంత, నీమీద రాయనిస్తావా, చదవడానికే పరిమితమా అని అడగాలి. అది చెప్పే జవాబులే ప్రాపర్టీలు. లక్షణాలు అనుకోండి. ఆ ప్రశ్నలు అడగడం ఎలాగో మనం మొదట్నుంచీ రాసుకోనక్కర్లేదు. ఎవరో పుణ్యాత్ములు ముందే రాసి, సంచిలో పనిముట్లు సర్దినట్టు సర్దిపెట్టారు. దాన్ని లైబ్రరీ అంటారు. అత్తయ్యకు ఇదే చెబితే, "రోజూ లైబ్రరీ లైబ్రరీ అంటావు, ఒక్క పుస్తకమైనా ఇంటికి తేవేం?" అంది.

ఆ లైబ్రరీతో వచ్చిన వివరాల పుస్తకంలో ప్రతి లక్షణం పక్కనా రెండు గళ్ళుంటాయి. చదవవచ్చు, మార్చవచ్చు. మన ఒంటి పొడుగు చదవగలం, మార్చలేం. జడ వేసుకునే తీరు మార్చగలం. అలాగే పెన్ డ్రైవులో చోటెంతో తెలుసుకోగలం, పెంచలేం. పేరు మాత్రం మార్చగలం. మా ఆఫీసు పెన్ డ్రైవుల పేర్లు చూడాలి మీరు! 'కొత్తది', 'కొత్తది2', 'అసలు కొత్తది', 'ముట్టుకోవద్దు'. 'ముట్టుకోవద్దు' అనేవే పదకొండు దొరికాయి. అన్నిటికీ బుద్ధిగా ఏ విభాగం, ఏ ఏడాది అన్నది పేరుగా పెట్టుకుంటూ వచ్చాను. ఒక వరస రాసి ఎంటర్ నొక్కితే పేరు మారిపోవడం, మళ్ళీ అడిగితే కొత్త పేరే చెప్పడం! చిన్నపిల్లలా నవ్వుకునేదాన్ని.

సరే, ఇక అసలు సంగతి. కూర్చునే ఉన్నారా?

పదకొండు రోజుల కిందట, మంగళవారం, రికార్డు గది చివర్లో ఉన్న ఇనుప బీరువా కింది అర ఖాళీ చేస్తున్నాను. పాత కర్టెన్ గుడ్డల కింద గోనెసంచి ఒకటి తగిలింది. మూతి విప్పితే బూడిదరంగు టేపు డబ్బాలు, అరచేతిలో పట్టేంతవి. ఒక్కోదాని మీదా నల్లసిరాతో మీ చేతిరాత. నది-1, నది-2, అలా నది-46 దాకా. అక్కడే నేలమీద చతికిలబడ్డాను.

మీకు నేను గుర్తుచేయాలా? పద్నాలుగేళ్ళు మీరు ఆ నది ఒడ్డున కొలత కేంద్రంలో పెట్టిన బతుకంతా ఆ సంచిలో ఉంది. కొత్త టేపు యంత్రం వచ్చిన ఏడు ఇవి చెడిపోయాయని కాగితం తయారై, ధ్వంసం చేయాల్సిన జాబితాలో చేరి ఇరవై రెండేళ్ళు. మరి ఎలా మిగిలాయంటారా? నేను దాచానని రాస్తే ఎంత బాగుండును! అబద్ధం ఎందుకు, మా ఆఫీసు బద్ధకం దాచింది. ధ్వంసం చేయడానికి మూడు సంతకాలు కావాలి. మూడో ఆఫీసరు బదిలీ అయిపోయాడు, ఫైలు అక్కడే ఆగిపోయింది. అంతే.

ఆ కొత్త టేపు యంత్రం కూడా ఇప్పుడు పాతబడి మూలనపడింది. దాన్ని లేపడానికి మన మరమ్మతుల మేష్టారికి కబురు పెట్టాను. రిటైరై ఎనిమిదేళ్ళయినా, మీ టేపులనగానే పనిముట్ల పెట్టె పట్టుకుని మర్నాడు పొద్దున్నే వచ్చేశాడు. బెల్టు మార్చాడు, తలకాయ తుడిచాడు. తలకాయంటే యంత్రంలో టేపుని చదివే భాగం. రెండు గంటల్లో పచ్చదీపం వెలిగింది. నేను నది-1 తీసి లోపల పెట్టబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"ముందు తాళం వెయ్యమ్మా."

"ఏం తాళం మేష్టారూ?"

"ఇదిగో, ఈ బుడిపె. ఇటు జరిపితే దీనిమీద ఇంకెవరూ రాయలేరు. చదవడమే. లేకపోతే మన తొందరలో మనమే చెరిపేస్తాం."

బుడిపె జరిపి లోపల పెట్టి, నా ప్రోగ్రాంతో అడిగించాను. టేపు ఉందా? ఉంది. రాయడానికి వీలుందా? లేదు. హమ్మయ్య అనుకుని, మొదటి ముక్క చదవమన్నాను. యంత్రం ఒక్కసారి గుర్రుమని ఆగిపోయింది. తెరమీద ఒకే వాక్యం. చదవలేకపోయాను.

ఇరవై రెండేళ్ళ కిందట వచ్చినదీ అదే వాక్యం, అక్షరం పొల్లుపోకుండా. మేష్టారు మెడ వెనక రుద్దుకుంటూ, "పోయిందేమోనమ్మా. తేమ తగిలితే ఇవి ఉండవు" అన్నాడు. టేపు బయటికి తీసేయబోయాను కూడా. కానీ మూడు నెలలుగా వెయ్యి వస్తువుల లక్షణాలు చదివిన చెయ్యి కదా, ఊరుకోలేదు. అన్ని లక్షణాలూ వరసగా చూపించమన్నాను. చూపించింది. టేపు ఉంది. రాత నిషేధం ఉంది. కుదించి రాయడం లేదు. ముద్ద కొలత, 512.

ముద్ద అన్నది నేను పెట్టుకున్న పేరు. టేపుమీద సమాచారం తీగలా ఏకధాటిగా ఉండదు, ముద్దలు ముద్దలుగా ఉంటుంది. ఒక ముద్దలో ఎన్ని అక్షరాలో అదే దాని కొలత. నేను ఆ 512 వంక చూస్తూ కూర్చున్నాను. ఇది టేపు చెప్పిన మాటా, యంత్రం చెప్పిన మాటా? వివరాల పుస్తకం తీసి ఆ లక్షణం దగ్గర వేలు పెట్టాను. చదవవచ్చు, మార్చవచ్చు. కింద చిన్న అక్షరాల్లో ఇంకో మాట. 'ఈ విలువ యంత్రానిది, టేపుది కాదు. సున్నా అని పెడితే, టేపుమీద ఎంత ముద్ద ఉంటే అంతా తీసుకుంటుంది.'

ఏమండీ, చిక్కంతా అక్కడే ఉంది! యంత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే, నేను తింటే ఐదువందల పన్నెండు అక్షరాల ముద్దలే తింటానని పట్టుబట్టి వచ్చింది. పెద్ద ముద్ద ఎదురవగానే మూతి తిప్పుకుని, చదవలేనంది. టేపు చెడిపోయిందని అది ఎన్నడూ అనలేదు. ఆ మాట అన్నది మనుషులం.

ఒక్క వరస రాశాను. ముద్ద కొలత సున్నా. మళ్ళీ అడిగాను, ఎంత? సున్నా అంది. టేపుని మొదటికి తిప్పి, చదవమని ఎంటర్ నొక్కి కళ్ళు మూసుకున్నాను. ఈసారి గుర్రుమనలేదు. సన్నగా, సాఫీగా, తిరుగుతూనే ఉంది. కళ్ళు తెరిచి చూద్దును కదా, తెరమీద ఒక అంకె. 1536.

"మేష్టారూ! పదిహేను వందల ముప్పై ఆరు!"

"ఏమిటమ్మా అది?"

"మొదటి ముద్దండీ! మింగింది! పదిహేను వందల ముప్పై ఆరు అక్షరాలు!"

"ఇదేం అంకె? ఎక్కడా వినలేదే."

నేనూ వినలేదు. కాగితం వెనక భాగించడం మొదలుపెట్టాను. మీరు భోజనం దగ్గర ఎన్నిసార్లన్నారు, నా కొలతల పెట్టె పావుగంటకోసారి, రోజుకు తొంభై ఆరు సార్లు నది నాడి పట్టుకుంటుందని! తొంభై ఆరుతో భాగిస్తే పదహారు, శేషం లేదు. తేదీ, సమయం, నీటి ఎత్తు, అన్నీ కలిపి ఒక్కో కొలతకు పదహారు అక్షరాలు. ఒక ముద్ద ఒక రోజండీ! మీ పెట్టె రోజంతా కొలిచి, ఒక రోజుని ఒక ముద్ద చేసి టేపుమీద పెట్టింది. అలాంటివి పద్నాలుగేళ్ళ పాటు!

నేను లేచిన విసురుకి కుర్చీ వెనక్కి పడింది, బీరువా తలుపు మోచేతికి కొట్టుకుంది. ఆ నీలి మచ్చ ఇంకా ఉంది, వస్తే చూపిస్తాను. మేష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు. తెరమీద వరసలుగా పారుతున్న అంకెలు చూస్తూ, "మావాడి నది... మావాడి నదే ఇది" అన్నాడు. తర్వాత ముక్కు చీదుకుంటూ వరండాలోకి వెళ్ళిపోయాడు. పక్క గదుల్లోంచి జనం వచ్చి, ఎవరికైనా దెబ్బ తగిలిందా అని అడిగారు.

ఆరు రోజులు పట్టింది. నలభై ఐదు టేపులు పూర్తిగా చదివింది. నది-29 ఒక్కటే నిజంగా బూజు పట్టింది. దాన్ని మేష్టారు యంత్రంలో పెట్టనివ్వలేదు. ఒకటి పోతే పోయింది.

తొలిరోజు ఇంటికి వచ్చి అత్తయ్యకు చెప్పాను. యంత్రం, టేపు అంటే ఆవిడకు పట్టదు కదా, ముద్దల భాషలోనే చెప్పాను. అంతా విని ముక్కుమీద వేలేసుకుంది.

"అయితే ఇరవై ఏళ్ళపాటు నోరు చిన్నదని ఒప్పుకోకుండా తిండి పాడైందన్నారా?"

"అంతే అత్తయ్యా."

"ఎవరే ఆ మాట అన్నది? నా కొడుకు ఎంత ఏడ్చాడో! నా దగ్గరికి తీసుకురా వాణ్ణి, అడుగుతాను."

నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఇంకో సంగతి కూడా ఇప్పుడే తెలియాలి మీకు. నది గోడ ఎత్తెంత ఉండాలో తేల్చడానికి ఇంజనీర్ల సంఘం వేశారని ఇదివరకు రాశాను కదా. ఇప్పటిదాకా వాళ్ళ దగ్గరున్నవి మీ తర్వాతి కాలపు కొలతలే. వాటిలో నది ఎప్పుడూ ఏడు మీటర్ల ఎనభై దాటలేదు. అందుకని గోడ ఎనిమిదిన్నర చాలన్నారు. తాళ్ళు పేనేవాళ్ళ వీధిలో ముసలివాళ్ళు, పెద్ద వరదప్పుడు నీళ్ళు అటకదాకా వచ్చాయని మొత్తుకున్నారు. సంఘంవాళ్ళు మర్యాదగానే విన్నారు గానీ, నోటిమాట మీద గోడ కట్టలేమన్నారు. నిన్న శుక్రవారం ఆఖరి సమావేశం.

పెద్ద వరద మీ నది-38లో ఉంది. తొమ్మిది మీటర్ల నలభై ఒకటి! వాళ్ళు కట్టబోయే గోడకన్నా దాదాపు మీటరు పైన! గ్రాఫు గీసి తీసుకెళ్ళి మా ఆఫీసు పెద్దసారు బల్లమీద పెడితే, ఆయన చూస్తూ చూస్తూ లేచి నిలబడ్డాడు. "సమావేశానికి మీరే వచ్చి చూపించండమ్మా" అన్నాడు.

వెళ్ళాను. పెద్ద హాలు, పొడుగు బల్ల, పన్నెండుమంది. అధ్యక్షురాలు నాకన్నా పెద్దావిడ, జుట్టంతా తెల్లబడ్డ ఇంజనీరు. టేపులు ఎలా చదివానో, ఏ లక్షణం ఎంత ఉంది, ఎంతకు మార్చాను, మార్చినా టేపుమీద ఒక్క అక్షరం కూడా ఎందుకు మారదు, అంతా చెప్పాను. ఒక్కచోటా తడబడలేదండీ. నాకే ఆశ్చర్యం! వాళ్ళు వంగి వంగి చూశారు. అప్పుడు ఆవిడ ఫైల్లోంచి ఒక పాత కాగితం తీసింది.

ఇక్కడ నేను కలం కిందపెట్టి, గ్లాసుడు మంచినీళ్ళు తాగి వచ్చాను. మీరూ కాస్త ఊపిరి తీసుకోండి.

"ఈ టేపులన్నీ పరీక్షించాం, నలభై ఆరూ చెడిపోయాయి అని సర్టిఫికెట్ ఉంది కదా. ఎవరి సంతకం ఇది?" అని అడిగింది.

"నాదేనండీ" అన్నాను.

సంతకం నాదని మీకు తెలుసు. ఆవిడ తర్వాత అడిగినదానికి జవాబే మీకు తెలియదు.

"ఎన్ని పరీక్షించారు?"

"మూడు."

"నలభై ఆరిట్లో మూడా?"

"అవునండీ. ఒకటి, రెండు, మూడు. మూడింటికీ ఒకే జవాబు వచ్చింది. మిగతావి యంత్రంలో పెట్టనైనా లేదు."

అదండీ నేను ఇరవై రెండేళ్ళుగా మింగి కూర్చున్నది. ఆరోజు సాయంత్రంలోగా జాబితా ఇవ్వాలన్నారు, ఆఫీసరు గడియారం చూసుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు, అవన్నీ నిజమే. అవి చెప్పి తప్పుకోవచ్చు. సంఘం ముందు అంతవరకే చెప్పాను. మీకు మాత్రం మిగతాది కూడా చెప్పాలి.

మూడో టేపుకి కూడా చదవలేకపోయానని రాగానే, నాలో ఒక మూల తేలికపడింది. ఇక మీరు ఆ నదికి పోనక్కర్లేదు కదా అనుకున్నాను. నెలకు ఇరవై రోజులు ఇంట్లో ఉండరు. వానపడితే చాలు, నాకు గుండెల్లో దడ. పెద్ద వరదప్పుడు మూడు రోజులు మీ నుంచి కబురు లేక, అత్తయ్యా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. అది జరిగి అప్పటికి రెండేళ్ళే. మీ పని పోతే మీరు ఇంటికొస్తారని నాలో ఎవరో అనుకున్నారు. ఆ అనుకున్నదే సంతకం పెట్టింది. కావాలని చెడగొట్టలేదండీ, ఆ మాట మాత్రం నమ్మండి. కానీ నాలుగోది ఎందుకు చూడలేదని ఇన్నాళ్ళూ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను, ఇదే జవాబు వస్తోంది.

ఆ రోజు మీకు చెబితే మీరేమన్నారో గుర్తుందా? చెయ్యి కడుక్కుంటూ, "నువ్వు చూశావు కదా. నువ్వు చూశాక ఇంకెవరు చూడాలి, పోనీలే" అన్నారు. తిట్టినా బాగుండేది. నెల తిరక్కుండా నదిని వదిలేసి గోడౌనులో పైపులు లెక్కపెట్టే పనికి మారారు. ఇరవై ఏళ్ళు సాయంత్రం ఆరుకల్లా ఇంట్లో ఉన్నారు. నేను కోరుకున్నదే. కానీ ఇంటికొచ్చిన మనిషి నాకు తెలిసిన మనిషి కాదు. పోయినేడు ఆ కొండవాగు దగ్గర కొలత కేంద్రం పెట్టాలి, కొత్తవాళ్ళకు పని నేర్పాలి అని పిలుపు రాగానే, మీ మొహంలో వెలుగు చూసి నేనే పెట్టె సర్దాను. మీకా తొందరేమిటో అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమై ఉంటుంది.

సమావేశంలో ఏమైందో చెప్పలేదు కదూ. ఆవిడ ఆ పాత కాగితాన్నీ నా గ్రాఫునీ పక్కపక్కన పెట్టింది. తర్వాత, "సంతకం తప్పు. కొలతలు తప్పు కాదు. ఈ రెండూ మన ముందు పెట్టింది ఒకే మనిషి, అదీ రాసుకోండి" అంది గుమాస్తాతో. గోడ ఎత్తు నిర్ణయం రెండు వారాలు వాయిదా వేశారు. పద్నాలుగేళ్ళ కొలతలతో మళ్ళీ లెక్క కడతారు. నాకొక మెమో ఇస్తారట. ఇవ్వనీండి. చేతికి రాగానే దాన్ని చక్కగా ఫైల్లో పెట్టుకుంటాను. హాల్లోంచి బయటికొస్తే, తాళ్ళవీధి నుంచి వచ్చిన ఒక ముసలావిడ నా రెండు చేతులూ పట్టుకుని, "మేం అబద్ధం చెప్పలేదని తేలింది కదమ్మా" అంది. ఆ మాటకు ఆగలేకపోయాను. అక్కడే మెట్లమీద ఏడ్చేశాను.

అయితే ఒక్క చిక్కుంది, అది మీరే విప్పాలి. మధ్యలో ఒకసారి నీటి ఎత్తు కొలిచే స్తంభం వంగితే కొత్తది పాతారట. ఎత్తు లెక్క మొదలయ్యే పాత సున్నా గుర్తూ, కొత్త సున్నా గుర్తూ ఒకే ఎత్తులో ఉన్నాయా, తేడా ఉంటే ఎంత? అది చెప్పగలిగిన మనిషి భూమ్మీద ఒక్కరే. కొలిచిన మనిషి స్వయంగా వచ్చి, ఆ చోటు చూపించి సంతకం పెట్టాలన్నారు. వచ్చే శుక్రవారం లోపల. పెద్దసారు రాసిన కాగితం దీంతోపాటే పెడుతున్నాను. తిరుగు జీపులోనే ఎక్కేయండి.

ఇంకొకటి రాయకుండా ఈ ఉత్తరం మడవలేను. పదహారు అక్షరాల్లో ఆఖరిది దాదాపు ఎప్పుడూ ఖాళీయే. నది-38లో మాత్రం అక్కడ చుక్కలు కనిపించాయి. ఏమిటివి అని మేష్టారిని అడిగితే, "పెట్టె తలుపు తెరిచినప్పుడు పడే గుర్తమ్మా. చెత్త అడ్డంపడి నీటిమీద తేలే డబ్బా ఇరుక్కుంటే, తలుపు తెరిచి చేత్తో తియ్యాలి" అన్నాడు. లెక్కపెట్టాను. పెద్ద వరదప్పుడు ముప్పై ఒక్క గంటలపాటు గంటకొక చుక్క, ఒక్కటీ తప్పలేదు. మీరుండే గుడిసెలోంచి పెట్టె దగ్గరికి వెళ్ళే ఇనుప వంతెన ఎత్తు కేంద్రం నక్షాలో చూశాను. తొమ్మిది మీటర్లు. ఆ చుక్కల్లో పదకొండు, నీళ్ళు తొమ్మిది దాటాక పడ్డవి.

మూడోరోజు ఇంటికొచ్చి మీరేం చెప్పారు? "ఏముంది, గుడిసెలో కూర్చున్నాను, వాన తగ్గాక వచ్చాను" అని చెప్పి ముసుగుతన్ని పడుకున్నారు. చేతులమీద గాట్లేమిటంటే ఏదో తీగ గీసుకుందన్నారు. మునిగిపోయిన వంతెన మీద, ఆ వరదలో, పదకొండుసార్లు వెళ్ళి పదకొండుసార్లు వెనక్కి వచ్చారు! నేనొక్కదాన్నే దాచాననుకుని ఇన్నేళ్ళూ కుమిలిపోయాను. ఈ ఇంట్లో దాచినవాళ్ళు ఇద్దరన్నమాట.

అత్తయ్యకు చుక్కల సంగతి చెప్పలేదు, మూడు టేపుల సంగతీ చెప్పలేదు. రెండూ మీరొచ్చాక ఇద్దరం కలిసి చెబుదాం, తిట్లు చెరిసగం పంచుకుందాం.

మీరు నా మీద కోపం తెచ్చుకోండి, అది మీ హక్కు. కానీ వచ్చి తెచ్చుకోండి. సున్నా గుర్తు చూపించడానికి నది దగ్గరికి వెళ్ళేరోజు నన్ను కూడా తీసుకెళ్ళండి. పద్నాలుగేళ్ళలో ఒక్కసారైనా అటు అడుగు పెట్టలేదు నేను, పంతం. ఇప్పుడు ఆ వంతెన మీద మీ వెనకే పెట్టె దాకా నడిచి చూడాలనుంది. మిమ్మల్ని చెడామడా తిట్టాలో, చెయ్యి గట్టిగా పట్టుకోవాలో అక్కడే తేల్చుకుంటాను.

ఇట్లు,
మూడు చూసి నలభై ఆరన్న
మీ ఆవిడ